చప్పుడు వెంట గోలేటి దాకా

ఈ ప్రయాణం చేసి ఏడాది దాటింది. వచ్చిన వెంటనే రాసి ఉంటే ఇంకా చాలా సంగతులు గుర్తుండేవి. కానీ అప్పటికి నాకు దుకాణాల బోర్డులు, బస్సుల మీది ఊళ్ల పేర్లు కూడబలుక్కుని చదవడం మాత్రమే వచ్చు. మా గల్లీలో ఆడవాళ్లకు సాయంత్రం పూట చదువు చెప్పే క్లాసులో నేను చేరింది తల నెరిశాకే. ఒక వాక్యం రాసి, దాని పక్కన దానికి సంబంధించిన ఇంకో వాక్యం పెట్టడం మొన్నటి ఎండాకాలానికి గానీ నా చేతికి రాలేదు. అది ఒక కారణం. ఇంకో కారణం మా ఆయన. ఇందులో ఎక్కువ భాగం ఆయన సంగతే. ఆయన ఒప్పుకోకుండా రాయకూడదనుకున్నాను. మొన్న అడిగితే, "రాసుకో. ఇప్పుడు దాచెటిదేమున్నది," అన్నాడు. అందుకని రాస్తున్నాను.

గోదావరిఖని నుంచి గోలేటి పెద్ద దూరమేమీ కాదు. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు దిగవచ్చు. మేం మాత్రం పోయి రావడానికి మూడు రోజులు చేశాం. ఆ దిక్కు ఎన్నడూ పోనివాళ్లకు దారిలో ఏమేం ఉంటాయో చెబుతాను. అయితే మేం చూడటానికి పోలేదు. కారు స్టార్టు చేసినప్పుడు వచ్చే ఒక చప్పుడు ఎక్కడిదో తెలుసుకోవడానికి పోయాం.

గోదావరిఖని

మా ఆయన పేరు ఓదెలు. బొగ్గు బాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. గనిని మేం బాయి అంటాం. టింబర్‌మన్ అంటే లోపల పైకప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టేవాడు. రిటైరయ్యాక ఆయనకు అన్నిటికన్నా కష్టమైంది పొద్దుటి పూట. ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్ల మోటారు సైకిళ్లు మా గల్లీ దాటుతుంటే గడప మీద కూర్చుని చూసేవాడు. చివరి బండి దాటిపోయాక కూడా అట్లాగే కూర్చునేవాడు. చాయ్ తెచ్చి పక్కన పెడితే చల్లారిపోయేది.

ఆ కారు కొన్నాక మనిషి మారాడు. పాతదే. గోలేటిలో ఒక ఆఫీసరు గారిది. ఆయన చనిపోతే, ఆయన బావమరిది తెచ్చి మాకు అమ్మిపోయాడు. మా ఆయనకు డ్రైవింగు ముందే వచ్చు. దసరా సెలవులయ్యాక మా గల్లీ పిల్లలను బడికి తీసుకుపోయి తీసుకురావడానికి వాళ్ల తల్లులతో మాట అయింది. ఇక చూడాలి ఆయన హడావిడి. సీట్లు ఉతికాడు. పిల్లలకని ఒక డబ్బా నిండా పిప్పరమెంట్లు తెచ్చి ముందు పెట్టుకున్నాడు. ఏ పిల్ల ఎక్కడ కూర్చోవాలో కూడా అనుకున్నాడు. పక్కింటి సంధ్య కూతురు కిటికీలోంచి చేయి బయట పెడుతుందని దానికి నడుమ సీటు.

అంతా బాగుంది, ఆ చప్పుడు తప్ప. పొద్దున మొదటిసారి సెల్ఫ్ కొట్టగానే కీచుమని అరిచేది. పలక మీద గోటితో గీకితే పళ్లు జివ్వుమంటాయి చూడండి, అట్లాంటిది. కాసేపు అరిచి తనంతట తానే ఆగిపోయేది. మళ్లీ ఆ రోజంతా రాదు.

"ఏందయ్యా ఆ సప్పుడు?" అని అడిగితే, "ఏం సప్పుడు? నాకేం ఇనవడుతలేదు," అనేవాడు. ముందున్న బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "చెయ్యి పెట్టి సూడు, ఎంత నున్నగ నడుస్తున్నదో. నీ చెవులల్ల గింగురుమంటున్నదేమో," అనేవాడు. పిలిస్తే ఆయన పలకడు, టీవీ గట్టిగా పెడతాడు, నా మాట సగం వినడు. పెళ్లయినప్పటి నుంచి ఉన్నదే అనుకుని నేను దాన్ని పట్టించుకోలేదు. పంతం మనిషి అనుకున్నాను.

కానీ పరాయి పిల్లలు ఎక్కే బండి. నడిరోడ్డు మీద ఏదైనా విరిగితే? ఆ చప్పుడు ఏందో తేలేదాకా పిల్లలను ఎక్కనివ్వను అని తెగేసి చెప్పాను. రెండు రోజులు మాటలు లేవు. చివరికి ఆయనే, "సరే, అమ్మినోళ్లనే అడుగుదాం పా. ఉన్నదని వాళ్లంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు," అన్నాడు. అట్లా బయలుదేరాం.

శ్రీరాంపూర్

ఖని దాటి వంతెన ఎక్కితే కింద గోదావరి. ఆ ఏడు వానలు ఆలస్యంగా ఆగాయి. నీళ్లు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. వంతెన అవతల నుంచి రెండు పక్కలా గుట్టలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు చూసి కొండలనుకుంటారు. అవి బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి. కొన్నింటి మీద తుమ్మలు మొలిచి నిజం గుట్టల్లాగే అయిపోయాయి. మాకు ఇటువైపూ అవే, అటువైపూ అవే.

శ్రీరాంపూర్ చేరకముందే వెనక నుంచి ఒక బొగ్గు టిప్పరు హారన్ కొట్టడం మొదలుపెట్టింది. కొడుతూనే ఉంది. మా ఆయన దారి ఇవ్వడు. ఆ టిప్పరు ఎట్లాగో పక్కకు వచ్చి, డ్రైవరు తల బయట పెట్టి, "ఏమయ్యా ముసలాయనా, రోడ్డు కొనుక్కున్నవా?" అని అరిచిపోయాడు.

"హారన్ కొట్టకుంట మీదికొస్తడు, మల్ల నన్నే తిడుతడు," అన్నాడు మా ఆయన.

కొట్టాడని నేనన్నాను. కొట్టలేదని ఆయనన్నాడు. పంతం మనిషితో రోడ్డు మీద ఏం వాదిస్తామని ఊరుకున్నాను.

శ్రీరాంపూర్‌లో కంపెనీ కాలనీల పక్కన ఒక రేకుల షెడ్డు ముందు మెకానిక్ బోర్డు చదివి నేనే ఆపమన్నాను. ఇరవై అయిదేళ్లుంటాయేమో ఆ మెకానిక్‌కు. సెల్ఫ్ కొట్టాడు. ఏ కీచూ లేదు. ఆపి మళ్లీ కొట్టాడు. బండి మెత్తగా స్టార్టయింది. మా ఆయన నా వైపు తిరిగి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

పక్కనే చాయ్ దుకాణం. షిఫ్టు దిగి స్నానాలు చేసి వచ్చిన మనుషులు నలుగురు చుట్టూ మూగారు. మాకు లాగే వాళ్లకూ పరాయి వాళ్ల బండి అంటే సొంత బండి కన్నా ఎక్కువ ఫికరు.

"సెల్ఫ్ మోటరు పోయింది. నాది గిట్లనే పోయింది," అన్నాడు ఒకాయన.

"నీది బండా? బర్రెను గుంజుకపోయినట్టు గుంజుకపోతవ్," అన్నాడు ఇంకొకాయన. "అన్నా, నా మాటిను. బ్యాటరీ మార్చు."

"బండినే మార్చు," అన్నాడు మూడో ఆయన.

ఆ మెకానిక్ చేతులు తుడుచుకుంటూ నాతో, "అవ్వా, బండి మంచిగనే ఉన్నది. సప్పుడు మీ ఇద్దరి నడుమనే ఎక్కడో ఉన్నట్టున్నది," అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా మా ఆయనే నవ్వాడు, కాకపోతే అందరూ నవ్వడం మొదలుపెట్టిన కాసేపటికి. అప్పుడు నాకది తోచలేదు.

చాయ్ మా దగ్గరిలాగే పది రూపాయలు. గ్లాసు మాత్రం చిన్నది. మిర్చి బజ్జీలో వాము పెట్టారు, మా వాళ్లు పెట్టరు. నాకు అదే బాగుందనిపించింది.

బెల్లంపల్లి

ఆ రాత్రికి బెల్లంపల్లిలో మల్లయ్య అన్న ఇంట్లో ఆగాం. మా ఆయన, ఆయన ఒకే గ్యాంగులో పనిచేశారు. ఒకరినొకరు బావా అనుకుంటారు కాబట్టి నాకు అన్న వరస.

బెల్లంపల్లి మా ఖని కన్నా ముందు పుట్టిన బొగ్గు ఊరు. మా పెద్దలు ఖనిలో పని దొరకనప్పుడు ఇక్కడికి వచ్చేవాళ్లట. ఇప్పుడు బాయిలు తగ్గిపోయాయి. పాత క్వార్టర్ల వరస వెంట నడిచాను. కొన్నింటికి తలుపులు లేవు, కొన్నింటికి కిటికీలు లేవు. ఒక ఇంట్లో గోడకు అలమర ఉన్నచోట పిల్లల ఎత్తు కొలిచిన గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఆ వరసలోనే చివరి ఇంటి ముందు ఎవరో కల్లాపి చల్లి ముగ్గు వేశారు. అంత పొడుగు వరసలో ఒక్క ముగ్గు. చూస్తే సంతోషం కలగాలి, కలగలేదు.

సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మలు తెచ్చారు. నేనూ ఆడాను. మేం ఆడేటప్పుడు చప్పట్లు వంగి కొడతాం, వీళ్లు నిలబడి కొడతారు. ఆడే వాళ్లలో ఎక్కువ మంది నా వయసు వాళ్లే.

మల్లయ్య అన్న భార్య మక్కజొన్న గారెలు, కోడి కూర చేసింది. తినేటప్పుడు ముచ్చట్లు బాయి మీదికి పోయాయి.

"చెల్లె, నీ మొగన్ని మేం ఏమని పిలుస్తుంటిమో ఎరుకనా?" అన్నాడు మల్లయ్య అన్న. "గుల్ల ఓదెలు."

దాని అర్థం ఆయనే చెప్పాడు. లోపల పనికి దిగే ముందు కట్టెతో పైకప్పును తట్టి చూడాలి. గట్టి కప్పయితే ఖంగుమంటుంది. పైన పొర ఊడి ఉంటే బోలు చప్పుడు వస్తుంది. దాన్నే గుల్ల అంటారు. గుల్ల అని తేలితే దిమ్మె పెట్టేదాకా కింద ఎవరూ నిలబడకూడదు.

"రిటైరయ్యే ముందు కొన్నేండ్లు బావ ఎట్లయిండంటే, ఎక్కడ తట్టినా గుల్లనే అంటడు! మేం తడితే గుడిగంట లెక్క మోగుతది. ఆయన తడితే గుల్ల. ఉన్న దిమ్మెలన్ని ఒక్క జాగల్నే పెడుతడు. చావుకు గింత భయపడ్డోన్ని నేనెన్నడు సూడలే చెల్లె."

"నీ తల మీద పెట్టిన దిమ్మెలే అవి. లేకుంటే ఇయ్యాల గీ కోడి కాలు ఎవడు తింటుండె?" అన్నాడు మా ఆయన, నవ్వుతూ. మల్లయ్య అన్న పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

తెల్లవారి మా ఆయన సెల్ఫ్ కొట్టాడు. కీచుమంది. రాత్రి పడ్డ చినుకులకేమో, మా ఇంటి దగ్గరికన్నా గట్టిగా అరిచింది. పళ్లపుల్లతో బయటికి వచ్చిన మల్లయ్య అన్న, "వారి నీ! కోడి కన్న ముందు నీ బండే కూస్తది గదరా బావా," అన్నాడు.

మా ఆయన ముందు మల్లయ్య అన్న నోటి వైపు చూశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. "ఆ... వస్తున్నది జర," అన్నాడు.

ఎన్నాళ్లకు ఒప్పుకున్నాడని నా కడుపు చల్లబడింది.

గోలేటి

పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగితే గోలేటి. కంపెనీ కట్టిన ఊరు. రోడ్లు తిన్నగా, చెట్లు వరసగా ఉంటాయి. మా ఖనిలో ఉన్నంత మంది జనం లేరు. మధ్యాహ్నం పూట ఎక్కడో ప్రెషర్ కుక్కర్ కూత వేస్తే నాలుగు వీధులకు వినిపించేంత నిశ్శబ్దం.

ఆఫీసరు గారి భార్య పేరు సుబ్బలక్ష్మి గారు. గోదావరి జిల్లాల నుంచి పెళ్లయి వచ్చి ముప్ఫయ్యేళ్లు ఇక్కడే ఉన్నా మాట మారలేదు. కారును చూడగానే గేటు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడిపోయింది. మేం ఎవరమో చెప్పాక, "అయ్యో, రండి రండి. ఎండన పడి వచ్చారు. ముందు భోజనం చేద్దురుగాని, తర్వాత మాటలు," అంది.

వాళ్లింట్లో గుమ్మడికాయ పులుసు తియ్యగా ఉంది. కూరలో తీపి మాకు అలవాటు లేదు. మా ఆయన మర్యాదకు రెండు ముద్దలు తిని పచ్చడి మీద పడ్డాడు. మేం తొక్కు అనే దాన్ని వాళ్లు పచ్చడి అంటారు. హాల్లో గోడ పక్కన చెక్క మెట్లు ఉన్నాయి. వాళ్ల వైపు దసరాకు మెట్ల మీద బొమ్మలు పేరుస్తారట, మేం బతుకమ్మ పేర్చినట్టు. "ఈ ఏడు పెట్టలేదండి. ఎలాగూ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. మెట్లు మాత్రం బయటికి తీశాను, ఎందుకో," అంది.

చప్పుడు సంగతి అడిగాను. "ఏం చప్పుడండీ? నేను కారు జోలికి పోయింది లేదు. అమ్మిన రోజు కూడా గది లోంచి బయటికి రాలేదు. అంతా మా తమ్ముడే చూసుకున్నాడు," అంది. వాళ్ల కారు ఎప్పుడూ బాగుచేసే జబ్బార్‌కు ఫోన్ చేసింది.

జబ్బార్ నడివయసు మనిషి. వచ్చి, స్టార్టు చేసి, చెవి పెట్టి, ఆపేశాడు. "వేడి మీదున్న బండి ఏం చెప్పదు కాకా. రాత్రంత చల్లారాలె. పొద్దుగాల నేనొచ్చేదాక ఎవలు ముట్టొద్దు," అన్నాడు.

అట్లా ఆ రాత్రి కారు దాని పాత రేకుల కిందనే, దాని పాత జాగాలో నిలబడింది. మేం ఆమె ఇంట్లో పడుకున్నాం.

గోలేటి, తెల్లవారి

జబ్బార్ చెప్పిన వేళకు వచ్చాడు. మంచు పట్టి అద్దాలు తెల్లగా ఉన్నాయి. మా ఆయనను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తాను బానెట్ ఎత్తి నిలబడ్డాడు. నేను డ్రైవరు కిటికీకి కాస్త ముందు, పక్కన నిలబడ్డాను.

"ఇను కాకా. స్టార్టు చేసినంక లైట్లెయ్యి. లైట్లేస్తే డైనమో మీద బరువు పడుతది. దాన్ని తిప్పే బెల్టు జారుతుంటే సప్పుడు పెరుగుతది. పెరగంగనే లైట్లు ఆర్పు. తగ్గిందా, బెల్టే. తగ్గలేదా, ఇంకేదో. సమజైందా?"

మా ఆయన తల ఊపాడు. సెల్ఫ్ కొట్టాడు. కీచుమంది. లైట్లు వేశాడు. చప్పుడు లేచింది. చెవులు మూసుకోవాలనిపించేంతగా లేచింది.

సరిగ్గా అప్పుడే ఇంటి వెనక తలుపు తెరుచుకుంది. సుబ్బలక్ష్మి గారు పరుగున వచ్చి మెట్ల మీద ఆగిపోయింది. జుట్టు ముడి ఊడి ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను బండిని వదిలి ఆమెనే చూస్తున్నాను. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"ఇదేనండీ," అంది. "ఇదే. నేను వంటింట్లో ఉండేదాన్ని. ఈ అరుపు వినపడితే ఆయన డ్యూటీకి బయలుదేరారన్నమాట. బాగుచేయించండీ, వీధంతా లేస్తోంది అని పోరేదాన్ని. చప్పుడు అంటే ఏం చప్పుడో అనుకున్నాను నిన్న. దీన్ని మరిచిపోయానండీ నేను. ఎలా మరిచిపోయాను?"

చప్పుడు అరుస్తూనే ఉంది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

"కాకా, ఆర్పు!" అన్నాడు జబ్బార్ బానెట్ కింద నుంచి. "పెరిగింది గదా, ఆర్పవేంది? కాకా!"

నేను బండి వైపు తిరిగాను. మా ఆయన లైట్ల బటను మీద చెయ్యి పెట్టుకుని, దించిన కిటికీలోంచి నన్నే చూస్తున్నాడు. నా మొహం ఎప్పుడు తన వైపు తిరుగుతుందా అని చూస్తున్నాడు. నేను అప్పటిదాకా సుబ్బలక్ష్మి గారినే చూస్తుంటే నా మొహం కనబడలేదు కాబట్టి ఆయనకు చప్పుడు పెరిగిందని తెలియలేదు.

ఈలోగా ఇంజను వేడెక్కి కీచు దానంతట అదే ఆగిపోయింది. అప్పుడు లైట్లు ఆర్పాడు. "నిద్రవోయినవా కాకా?" అన్నాడు జబ్బార్ విసుగ్గా. మా ఆయన బండి దిగి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు, "ఆమె ఎందుకేడుస్తున్నది? ఏమైంది?"

శ్రీరాంపూర్‌లో ఆలస్యంగా నవ్వడం, టిప్పరు, మల్లయ్య అన్న నోటి వైపు చూడటం, ఇంట్లో పిలిస్తే పలకకపోవడం, అన్నీ ఒక్కసారి నా ముందు వరసగా వచ్చి నిలబడ్డాయి.

సుబ్బలక్ష్మి గారు కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇంకొక్కసారి వినిపించండి బాబూ. ఒక్కసారి," అంది.

జబ్బార్ ఎక్కి సెల్ఫ్ కొట్టాడు. లైట్లు వేశాడు, ఆర్పాడు. ఏమీ రాలేదు. ఇంకోసారి కొట్టాడు. బండి మెత్తగా నడిచింది. "రాదమ్మా. మల్ల రేపు పొద్దుగాలనే. బెల్టు అరిగింది, అంతే. మార్చాలె," అన్నాడు. తర్వాత ఆమె మొహం చూసి, "మార్చనా?" అని ఆమెనే అడిగాడు, బండి మాది అని తెలిసి కూడా.

ఆమె ఊడిన ముడి మళ్లీ వేసుకుంది. "పిల్లలు ఎక్కే బండి అన్నారుగా. మార్చండి," అని లోపలికి పోయింది.

వంతెన దగ్గర

కొత్త బెల్టుతో బండి మంచిగా నడిచింది. దారి పొడుగునా ఆయన వెనక అద్దంలోకి ఎన్నిసార్లు చూస్తున్నాడో అప్పుడు గమనించాను. ముందుకు చూసిన దాని కన్నా వెనక్కు చూడటమే ఎక్కువ. బెల్లంపల్లిలో ఆగలేదు. మంచిర్యాలలో అరటిపండ్లు కొన్నాం. ఇద్దరం తినలేదు.

వంతెన ఇవతల రోడ్డు పక్కన ఆపమన్నాను. దిగి, ఆయన కిటికీ దగ్గరికి పోయి, ఎదురుగా నిలబడి అడిగాను.

"ఎప్పటిసంది?"

ఏమిటని అడగలేదు.

"రిటైరు కాకముందు సంది," అన్నాడు. "మాటలు ఇనవడుతయ్. మొగోళ్ల మాటలు మంచిగనే ఇనవడుతయ్. సన్నటియి ఇనవడవు. పిట్టలు ఇనవడక ఎన్నేండ్లాయెనో."

"బాయిల ఎట్ల చేసినవ్ మరి?"

"ఎట్ల చేసిన అంటే..." ఆగాడు. "తడితే ఖంగు మనేది ఇనవడకపాయె. అన్ని ఒక్క తీర్గనే ఇనవడె. గట్టిదేదో గుల్లదేదో ఎట్ల తెలుస్తది? గట్టిది అని చెప్పి, మీద పడ్డదనుకో? అందుకే అన్నిటికి గుల్ల అన్న. అన్నిటికి దిమ్మె పెట్టిన."

"వాళ్లు నిన్ను పిరికోడు అంటుంటే నవ్వినవ్."

"నవ్వక ఏం జెయ్యాలె? చెవులు పోయినయంటే బాయిల నుంచి తీసి పైన సర్ఫేసు మీదేస్తరు. అక్కడ నాకేం పని? కాయిదాలు మోసుడా?"

ఒక టిప్పరు హారన్ మోగిస్తూ వెనక నుంచి వచ్చింది. ఆయన తల తిప్పలేదు. అది పక్కకు వచ్చాక, గాలి తగిలాక తిప్పాడు. నేను చూశానని ఆయన చూశాడు.

"పిల్లలు వెనక సీట్ల నుంచి పిలిస్తే ఇనవడుతదా?" అన్నాను.

స్టీరింగు మీద రెండు చేతులు పెట్టుకున్నాడు. తర్వాత, "పొద్దుగాల లేసి నేనేం జెయ్యాలె మరి?" అన్నాడు.

నేను చుట్టూ తిరిగి పోయి నా సీట్లో కూర్చున్నాను.

ఖని కనిపిస్తుండగా ఆయనే మళ్లీ అన్నాడు. "బండి కరాబయిందని చెప్పు. చెవులని చెప్పకు. బండి మీద పెట్టు, అయిపోతది."

సరేనన్నాను. పండుగ దాటి బడి తెరిచేదాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

బడి తెరిచిన రోజు

పొద్దున్నే సంధ్య ఇంటికి పోయాను. కూతురికి జడలు వేస్తోంది. ఆ పిల్ల యూనిఫాం వేసుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"సంధ్యా, బండి కరాబయింది. పిల్లలను ఇగ తోలడు ఆయన," అన్నాను.

"అయ్యో, ఏమైంది పెద్దమ్మా? మొన్న మంచిగుండె గదా!" అంది. రిబ్బను నోట్లో పట్టుకునే మాట్లాడుతోంది. "ఏం ఫికర్ లేదు. బాగయ్యేదాక మేమే దింపుకుంటం. నెలైనా సరే, రెండు నెలలైనా సరే. వేరే బండి మాట్లాడుకోం. పెదనాన్నకు చెప్పు, ఆయన కోసం ఆగుతం. అందరికి నేనే చెప్త గానీ."

ఆగుతామంది. బండి ఎన్ని నెలలకు బాగైందని చెప్పాలి?

"బండికి ఏం కాలేదు," అన్నాను. "ఆయనకు చెవులు ఇనవడవు."

సంధ్య నోట్లో రిబ్బను అట్లాగే ఉండిపోయింది. పిల్ల తల్లి మొహం వైపూ, నా మొహం వైపూ చూసింది. నేను అక్కడ కూర్చోలేదు. మిగతా ఇళ్లకు కూడా పోయి అదే మాట చెప్పాను. ఒకరు కూడా కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది.

తిరిగి వచ్చేసరికి మా ఆయన వాకిట్లో కారు స్టార్టు చేసి పెట్టి, వెనక అద్దం తుడుస్తున్నాడు. కీచు లేదు, ఏ చప్పుడూ లేదు. గేటు దగ్గరి నుంచి, "చెప్పిన," అన్నాను. తుడుస్తూనే ఉన్నాడు. కొంచెం గట్టిగా అన్నాను. అట్లాగే తుడుస్తున్నాడు. అప్పుడు కారు చుట్టూ తిరిగి ఆయన ముందుకు పోయి, ఆయన కళ్లు నా పెదాల మీదికి వచ్చేదాకా ఆగి, నిజమే చెప్పి వచ్చానని చెప్పాను.